మోకాళ్ల సంగతి సరేనమ్మా, మీ ఆయన సంగతేంటి?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా ఆయన చర్చిలో సంఘ పెద్ద. ప్రతి శుక్రవారం మా ఇంట్లోనే ఉపవాస కూటం. అయ్యాక ముప్పై మందికి ఉప్మా, టీ నేనే చేయాలి. రెండేళ్లుగా కీళ్లవాతం. పొద్దున లేచాక గంటసేపు వేళ్లు ముడుచుకోవు. మోకరించలేక కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసుకుంటుంటే, ‘సంఘ పెద్ద భార్యవై ఉండి ఇదేం పద్ధతి? విశ్వాసం లేకే నీకు తగ్గడం లేదు’ అంటారు. మాత్రలు ఆపేసి, స్వస్థత పొందానని వచ్చే నెల సభలో సాక్ష్యం చెప్పమంటున్నారు. పాట ఎత్తుకుంటే ఏడుపొస్తోంది. కుర్చీలో కూర్చుని చేసిన ఆరాధన దేవుడు అంగీకరిస్తాడా? – ఒక సోదరి

జవాబు: అంగీకరిస్తాడు. పక్షవాతం మనిషిని నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు విప్పి దింపితే, ‘ముందు మోకరించు’ అని ప్రభువు అన్నాడా? ఆ ప్రశ్న అక్కడితో వదిలేద్దాం. దేవుడేమంటాడో అని అడిగారు గానీ, మీ ఉత్తరం నిండా ఉన్నది మీ ఆయన ఏమంటారో అన్న భయమే.

ముందు మాత్రల సంగతి. ఒక్కరోజు కూడా సొంతంగా మానొద్దు. ఇది వయసుతో వచ్చే అరుగుదల కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీళ్ల మీద పడే జబ్బు. దాన్ని అదుపులో పెట్టే మందులు పనిచేయడం మొదలుపెట్టడానికే వారాలు పడుతుంది. ఆపేస్తే వాపు తిరగబెడుతుంది. ఒకసారి దెబ్బతిని వంకరపోయిన వేలిని ఏ మాత్రా మళ్లీ తిన్నగా చేయలేదు. శుక్రవారం ఉపవాసం కూడా డాక్టర్ని అడిగాకే.

మీ ఆయన సంఘ పెద్ద కాబట్టి ఆయనతో వాక్యంలోంచే మాట్లాడదాం. శరీరంలో ముల్లులా గుచ్చే బాధను తీసెయ్యమని అపొస్తలుడైన పౌలు ముమ్మారు ప్రభువును వేడుకున్నాడు. తీయలేదు. ‘నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది’ అన్న జవాబు వచ్చింది. ఈ వచనం మీ హాల్లో క్యాలెండర్ మీదో, గోడ మీదో ఉండే ఉంటుంది. మరి పౌలుకు విశ్వాసం చాల్లేదని మీ ఆయన కూటంలో నిలబడి చెప్పగలరా? ఆ పౌలే తన తోటి సేవకుడు త్రోఫిముకు జబ్బు చేస్తే మిలేతులో వదిలి వచ్చానని రాశాడు. తిమోతికైతే కడుపు జబ్బుకూ, తరచుగా వచ్చే బలహీనతలకూ కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. నీకు విశ్వాసం లేకే ఇలా అయిందని ఆ ఇద్దరిలో ఎవరినీ అనలేదు.

నాకు మరీ కష్టంగా అనిపించింది ఆ ఉప్మా సంగతి. పిడికిలి బిగుసుకోని చేతులతో ముప్పై మందికి సరిపడా గిన్నెలో గరిటె తిప్పుతుంటే, పక్కగదిలో స్వస్థత కోసం ప్రార్థన జరుగుతుంటుంది. ఆ గదిలోంచి లేచొచ్చి గిన్నె పట్టుకున్నవాళ్లు ఒక్కరున్నారా? అమాలేకీయులతో యుద్ధం జరిగిన రోజు పైకెత్తి ఉంచిన మోషే చేతులు బరువెక్కాయి. ‘విశ్వాసముంటే ఎత్తి ఉంచు’ అని ఎవరూ అనలేదు. రాయి తెచ్చి వేసి కూర్చోబెట్టారు. అహరోను ఒకవైపు, హూరు ఒకవైపు నిలబడి పొద్దుగూకే దాకా ఆ చేతులు పట్టుకున్నారు. అంత మోషే కూర్చుని చేశాడమ్మా! మీ ఇంట్లో అహరోనుగా నిలబడాల్సిన మనిషి సంఘం ఏమనుకుంటుందో అని మీ కుర్చీ లాగేస్తున్నారు.

పెద్దరికం ఇంటి బయట మొదలవదు. భార్య బలహీనమైన ఘటమని ఎరిగి సన్మానించమని పేతురు పురుషులకు రాశాడు. అలా చేస్తే మీ ప్రార్థనలకు అభ్యంతరం కలగదనీ అక్కడే ఉంది, మొదటి పత్రిక మూడో అధ్యాయం ఏడో వచనంలో. కాబట్టి ఆ ఇంట్లో ఎవరి ప్రార్థన ఆగుతోందో చూసుకోవాల్సింది మీరు కాదు. ఈ మాట మీరు చెబితే గొడవవుతుందంటే, పాస్టరుగారి భార్యను కూర్చోబెట్టుకుని మీ వేళ్లు చూపించి చెప్పండి. ఆవిడ ద్వారా పాస్టరుగారికి చేరనివ్వండి. భర్త పరువు తీసినట్టవుతుందని వెనకాడకండి. మీ నొప్పి దాచిపెట్టి కాపాడే పరువు ఎన్నాళ్లుంటుంది?

సాక్ష్యం మాత్రం చెప్పొద్దు. తగ్గని జబ్బును తగ్గిందనడం అబద్ధం, అదీ దేవుడి పేరు మీద. అది విని రేపు ఎవరో ఒకావిడ తన షుగర్ మాత్రలు ఆపేస్తే ఎవరు బాధ్యులు?

పాడుతూ ఏడుస్తున్నానని తప్పు చేసినట్టు రాశారు. 88వ కీర్తన మొదలు నుంచి చివరిదాకా మొరే, చీకట్లోనే ముగుస్తుంది. దాన్నీ గుళ్లో పాడుకోవడానికే రాశారు. గొంతు ఆగితే పక్కవాళ్లు అందుకుంటారు, కూటమంటే అందుకే కదా.

ఈ శుక్రవారం నుంచి ఉప్మా బంద్. టీ పని కుర్రాళ్లకు అప్పజెప్పండి, లేదా కూటాన్ని ఇంటింటికీ తిప్పమనండి. కుర్చీ మాత్రం ముందు వరసలోనే వేయించుకోండి. ఈసారి ఆసుపత్రికి మీ ఆయన్ను వెంటబెట్టుకెళ్లండి, బయట బెంచీ మీద కాదు, డాక్టరు గదిలోకే. మాత్రలు ఎందుకు ఆపాలో ఆ మాటేదో అక్కడే చెప్పమనండి.