రాయి పెట్టే ముందు మేస్త్రీని అడుగు

అమ్మడూ,

భూకంపంలో కూలిన ఇళ్లు మళ్లీ కట్టే పనికి సాయంగా నువ్వు నేపాల్ వెళ్తున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్లో చెప్పింది. చెప్పిన తీరును బట్టి నేను వద్దంటానని ఆమె ఆశ పెట్టుకుందని అర్థమైంది. ఒక గంటసేపు నేనూ వద్దనే అనుకున్నాను. పదిహేడేళ్ల పిల్ల, మూడు వారాలు, జాజర్‌కోట్ కొండలు, రాతి గోడలు. ఆ తర్వాత లేచి అటక మీద ఉన్న నా పాత బూట్లు దింపి దుమ్ము దులిపాను. అవి నీకు సరిపోవని తెలుసు. చేతులకు ఏదో ఒక పని కావాలనిపించింది, అంతే. గర్వంగా ఉందని ఎవరితోనూ అనలేదు. నీతో అంటున్నాను, ఒక్కసారికే.

పాస్‌పోర్టు, అమ్మానాన్నల సంతకాలతో అనుమతి పత్రం, బీమా, మందుల చీటీ, ఇవన్నీ నీకు తెలుసు. ధనుర్వాతం టీకా మాత్రం ఈ వారమే వేయించుకో, బయలుదేరే ముందు రోజు కాదు.

మిమ్మల్ని తీసుకెళ్తున్న సంస్థను రెండు ప్రశ్నలు అడుగు. నేపాల్‌లో విదేశీ సంస్థలు సమాజ కల్యాణ పరిషత్తు అనుమతితోనే పనిచేయాలి. అది ఉందా అన్నది మొదటిది. మిమ్మల్ని రమ్మన్నది ఎవరు అన్నది రెండోది. అక్కడి వార్డు కార్యాలయమో, ఊరి వాళ్లో పిలిచి ఉంటే ఆ మాట చెప్పడానికి ఎవరూ తడుముకోరు. తడుముకుంటే నాకు వెంటనే ఫోన్ చెయ్యి. మీ అమ్మకు కాదు, నాకు.

రాత్రి ప్రయాణం చేయవద్దు. నేపాల్‌గంజ్ నుంచి సుర్ఖేత్ మీదుగా జాజర్‌కోట్ జిల్లా కేంద్రం ఖలంగా చేరే దారి కొండ అంచున సాగుతుంది. జీపు డ్రైవరు ఎంత మంచివాడైనా, మీ నాయకుడు ఎంత తొందరపెట్టినా, చీకటి పడితే ఆగిపోవాలి. 2024 జులైలో త్రిశూలి నది పక్క రోడ్డు మీద తెల్లవారకముందే కొండచరియ విరిగిపడి రెండు బస్సులను నదిలోకి తోసేసింది. అది వానాకాలం, మీరు వెళ్లేది ఎండాకాలం అంటావు. నాకు తెలుసు. అయినా ఆగు.

చీకటి గురించి ఇంత పట్టుబట్టడానికి వేరే కారణం కూడా ఉంది. 2015 ఏప్రిల్ 25న గోర్ఖా జిల్లా బార్‌పాక్ దగ్గర 7.8 తీవ్రతతో భూమి కదిలినప్పుడు శనివారం, ఇంకా మధ్యాహ్నం కాలేదు. చాలామంది పొలాల్లో ఉన్నారు. నేపాల్‌లో శనివారం సెలవు కాబట్టి బడులు ఖాళీగా ఉన్నాయి. వేల తరగతి గదులు కూలినా లోపల పిల్లలు లేరు. అయినా తొమ్మిది వేల మంది దాకా పోయారు. నువ్వు వెళ్తున్న జాజర్‌కోట్‌లో 2023 నవంబరు 3న వచ్చింది దాని కంటే చాలా చిన్న భూకంపం. నేపాల్ వాళ్ల లెక్కలో 6.4, అమెరికా వాళ్ల లెక్కలో ఇంకా తక్కువ. కానీ అది రాత్రి పదకొండు ముప్పావుకు, ఊరంతా నిద్రలో ఉండగా వచ్చింది. జాజర్‌కోట్, పశ్చిమ రుకుం జిల్లాల్లో 150 మందికి పైగా చనిపోయారు. రాళ్లను మట్టితో పేర్చిన గోడలు, పడుకున్న మనుషుల మీద పడ్డాయి. అందుకే చెబుతున్నాను. పగులు ఉన్న ఏ గోడ పక్కనా పడుకోకు, ఆ ఇంటివాళ్లు పడుకుంటున్నా సరే. డేరా ఉంటే డేరాలో, లేకపోతే రేకుల పాకలో పడుకో. తలగడ పక్కన టార్చి, బూట్లు, మెడలో ఈల. భూమి కదిలాక నేలంతా గాజు పెంకులూ మేకులూ ఉంటాయి. చెప్పులు వెతుక్కోకుండా పరుగెత్తిన వాళ్ల పాదాలు నేను చూశాను. నవ్వుకో, కానీ చెయ్యి.

ఇప్పుడు నా సంగతి. మీ ఇంట్లో అందరికీ సగమే తెలుసు.

2017 జనవరిలో సింధుపాల్‌చోక్ జిల్లాలో ఒక చిన్న ఊరికి పదకొండు మంది పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లాను. నీ వయసు వాళ్లే. పద్నాలుగు రోజుల పని. మాకు అప్పగించిన ఇల్లు ఒక నడివయసు ఆవిడది. కొడుకులిద్దరూ గల్ఫ్‌లో ఉన్నారు, ఇంటి దగ్గర ఆవిడా రెండు మేకలూ మాత్రమే. ప్రభుత్వం ఇల్లు కట్టుకోవడానికి మూడు లక్షల నేపాలీ రూపాయలు మూడు విడతలుగా ఇచ్చేది. మొదట యాభై వేలు, పునాది చూశాక లక్షా యాభై వేలు, గోడలు చూశాక చివరి లక్ష. ఇంజినీరు వచ్చి చూసి సంతకం పెడితేనే డబ్బు. ఆవిడ గోడలు కిటికీ మట్టం దాటాయి. ఇంకో మూడడుగులు లేస్తే, గోడలన్నిటినీ కలిపి పట్టే కాంక్రీటు పైపట్టీ పోసి ఇంజినీరును పిలవడమే.

ఆ ఊరి మేస్త్రీని డకర్మీ అంటారు. అరవై ఏళ్ల మనిషి, మాట తక్కువ. బంధువులింట్లో చావు కబురు వచ్చి రెండు రోజులు వేరే ఊరు వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ నాతో ఏదో చెప్పాడు. నాకు అర్థం కాలేదు, తల ఊపాను. ఆ తల ఊపడం ఉంది చూశావూ, దాన్ని ఇప్పటికీ క్షమించుకోలేదు.

మాకు నాలుగు రోజులే మిగిలాయి. పిల్లలు ఖాళీగా కూర్చున్నారు. ఇటుక పనిలో, కాంక్రీటు పనిలో ముప్పై ఏళ్లు ఉన్నవాణ్ణి, ఈ రాతి గోడ నాకు రాకపోవడమా అనుకున్నాను. మొదలుపెట్టించాను. పెరటి అంచున వేరుగా పేర్చిన పొడవాటి రాళ్లు కొన్ని ఉన్నాయి. ఒక్కొక్కటి మోకాలు పొడవు, ఇద్దరు పిల్లలు కూడా ఎత్తలేని బరువు. మెట్లకు పక్కన పెట్టారనుకున్నాను. సుత్తి తెచ్చి నేనే వాటిని పగలగొట్టి, మోయడానికి వీలుగా చేసి ఇచ్చాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండు రోజుల్లో గోడ మూడడుగులు లేచింది. నిలువు చూసే గుండు కట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. దాని ముందు నిలబడి అందరం ఫోటో దిగాం.

రాతి గోడంటే ఒక గోడ కాదమ్మా, రెండు. లోపలి ముఖం ఒకటి, బయటి ముఖం ఒకటి, నడుమ చిన్న రాళ్లూ మట్టీ. భూమి ఊగితే ఆ రెండూ విడిపోయి చెరో పక్కకు ఒరిగిపోతాయి. వాటిని కలిపి పట్టి ఉంచేవి గోడ మందమంతా అడ్డంగా పట్టే పొడవాటి రాళ్లే. ఎత్తులో ప్రతి రెండడుగులకు ఒక వరుస, ఆ వరుసలో నాలుగడుగులకు మించకుండా ఒక్కో రాయి. నేను సుత్తితో పగలగొట్టినవి అవి. మేస్త్రీ వాటిని వాగు దగ్గర ఏరి, వారం పాటు వీపు మీద మోసుకొచ్చాడని తర్వాత తెలిసింది.

మూడో రోజు ఉదయం తిరిగొచ్చాడు. గోడ వైపు చూడలేదు, ముందు పెరటి అంచు చూశాడు. 'లామో ఢుంగా ఖోయ్?' అన్నాడు. పొడవు రాళ్లేవి అని. పిల్లల్లో ఒకడు గర్వంగా గోడను చూపించాడు. అతను గోడ మీద అరచెయ్యి ఆనించి కొంతసేపు నిలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది. నేను అప్పుడే 'విప్పేద్దాం, ఇద్దరం కలిసి మళ్లీ పేరుద్దాం' అనాలి. మర్నాటికి బస్సు టికెట్లు ఉన్నాయి. పిల్లల తల్లిదండ్రులు ఎదురుచూస్తున్నారు. మట్టి ఎండితే గట్టిపడుతుందిలే అని నాకు నేనే చెప్పుకుని బస్సెక్కాను.

నెల తర్వాత ఫోన్ వచ్చింది. ఇంజినీరు సంతకం పెట్టలేదు. లక్ష రూపాయల విడత ఆగిపోయింది. కిటికీ మట్టం నుంచి గోడ మొత్తం విప్పాల్సి వచ్చింది. నేను డబ్బు పంపాను, తీసుకున్నారు. కానీ అప్పటికి మేస్త్రీలందరూ వేరే ఇళ్లకు ఒప్పుకున్నారు. ఒకేసారి కొన్ని లక్షల ఇళ్లు లేస్తున్న కాలం అది. మేస్త్రీ దొరకడమే గగనం. ఆ వానాకాలం కూడా ఆవిడ రేకుల కిందే గడిపింది. ఆ ఫోటో నా దగ్గర ఇంకా ఉంది. నీకు చూపించను.

నీకు ఇదంతా ఎందుకు రాస్తున్నానో తెలుసు కదా. నాలుగేళ్లప్పుడు సైకిలు ఎక్కించబోతే 'నాకు వచ్చు మామయ్యా' అన్నావు. మోకాలి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. లెక్కల పరీక్ష ముందు రోజు కూడా అదే మాట. ఆ మాట అక్కడ అనకు. నీ పని మోయడం, మట్టి కలపడం, నీళ్లు తేవడం, మేస్త్రీ చెయ్యి చాచినప్పుడు అతను అడిగిన రాయి అందించడం. గోడ మీద రాయి పెట్టమని అతనే పిలిస్తే పెట్టు. పిలవకపోతే మూడు వారాలూ తట్ట మోసి రా. అర్థం కాకపోతే తల ఊపకు. 'బుఝినఁ' అను, అర్థం కాలేదని. బస్సెక్కే ముందే నేర్చుకోవాల్సిన నేపాలీ మాట అదే. అన్నను పిలిచే 'దాయ్', అక్కను పిలిచే 'దీదీ' అక్కడే వచ్చేస్తాయి.

పిల్లల విషయం. అనాథాశ్రమంలో ఒక రోజు గడుపుదామని ఎవరైనా అంటే వెళ్లకు. 2015 భూకంపం తర్వాత తల్లిదండ్రులు లేకుండా పిల్లలను జిల్లా దాటించకూడదని నేపాల్ ప్రభుత్వం ఆంక్ష పెట్టింది, విదేశీ దత్తతలు ఆపేసింది. చదువు చెప్పిస్తామని ఊళ్ల నుంచి పిల్లలను తీసుకుపోయే వాళ్లు తిరుగుతున్నారని భయం. అలాంటి ఆశ్రమాల్లో ఉండే పిల్లల్లో చాలామందికి అమ్మో నాన్నో బతికే ఉంటారు. ఒక పూట ఆడించి వచ్చేసే నీలాంటి అక్కయ్యలు వాళ్లకు వారానికి ఇద్దరు వస్తారు, ఇద్దరు పోతారు. ఎవరి పిల్లనూ ఫోటో తీయకు, వాళ్ల అమ్మను అడిగితే తప్ప. అడిగాక కూడా, కూలిన ఇంటి ముందు తీయకు.

ఎవరైనా భూకంపం వచ్చిన ఆ రాత్రి గురించి చెప్పడం మొదలుపెడితే పని ఆపి విను. నువ్వు అడగవద్దు. వాళ్లే చెబుతారు, ఎక్కువగా మట్టి కలుపుతున్నప్పుడు. ఏడుపు వస్తే ఏడువు, తప్పేం లేదు. కానీ వాళ్లు నిన్ను ఓదార్చాల్సిన స్థితి తేకు.

ఫోన్ రోజూ కలవదు. వారానికి రెండుసార్లు చాలని మీ అమ్మకు నచ్చజెప్పాను. నాకు నేను చెప్పుకోవడం ఇంకా కాలేదు.

బూట్లు ఆదివారం పంపిస్తున్నాను. మందపాటి మేజోళ్లు పట్టేలా ఒక సైజు పెద్దవి తీసుకున్నాను. అడుగున ఇనుప రేకు ఉంది, మేకు దిగదు. బరువని పక్కన పెట్టకు. అందిన రోజు నుంచే వేసుకుని మేడ మెట్లు ఎక్కి దిగు, మడమ దగ్గర కొరికితే అక్కడికెళ్లాక కాదు, ఇప్పుడే తెలియాలి. ఈల కుడి బూటులో పెట్టాను.

మామయ్య