మీ వీధి గేటుకి రూల్స్ రాసే ముందు: జోహానెస్‌బర్గ్‌కి కొత్తగా వచ్చిన తమ్ముడికి

సందేహం: అన్నయ్యా, మేం ఈ మధ్యే జోహానెస్‌బర్గ్ వచ్చి రాండ్‌బర్గ్ వైపు ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మా వీధుల చుట్టూ గేట్లున్నాయి. ఒకచోట గార్డ్ ఉండే బూమ్ గేటు (కార్ల కోసం పైకి లేచే అడ్డకర్ర), ఇంకోచోట నడిచేవాళ్ళ కోసం చిన్న గేటు, మిగతావన్నీ తాళాలే. అసోసియేషన్ వాళ్ళు నన్ను కమిటీలో వేసుకుని, ఎవరిని ఎలా లోపలికి రానివ్వాలో రూల్స్ డ్రాఫ్ట్ చేయమన్నారు. లెవీ, అంటే అసోసియేషన్ చందా, కట్టినవాళ్ళకే గేటు రిమోట్ ఇవ్వాలని, బయటివాళ్ళ పేర్లు రాయించుకోవాలని, సాయంత్రం చిన్న గేటుకి తాళం వేయాలని కొందరు అంటున్నారు. నేను ఆఫీసుకి వెళ్తే మా ఆవిడ ఇంట్లో ఒక్కతే ఉంటుంది. అందుకే నాకూ గట్టి రూల్సే మంచివనిపిస్తోంది. మీరేమంటారు?

జవాబు: తమ్ముడూ, మీ భయం తప్పని నేను అనను. ఈ ఊళ్ళో దొంగతనాలు జరుగుతాయి, కార్లు లాక్కుంటారు, జాగ్రత్తగా ఉండాల్సిందే. కానీ మీరు డ్రాఫ్ట్ రాయడానికి కూర్చునే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. కొత్తగా వచ్చినవాళ్ళలో చాలామందికి ఇది తెలియదు, చెప్పేవాళ్ళూ ఉండరు.

ఇక్కడ గేట్లు రెండు రకాలు. ఫోర్‌వేస్, మిడ్రాండ్ వైపు కనిపించే సెక్యూరిటీ ఎస్టేట్లలో రోడ్లు సాధారణంగా ఎస్టేట్‌వే. అక్కడ ఇల్లు కొన్నవాళ్ళు రూల్స్‌కి సంతకం పెట్టే కొంటారు, లెవీ తప్పనిసరి, గేటు దగ్గర ఏం అడిగినా చెప్పాలి. మీది అలాంటిది కాదు. మీ వీధి సిటీది, అంటే పబ్లిక్ రోడ్డు. దాని మీద గేటు పెట్టుకోవడానికి సిటీ ఇచ్చిన అనుమతి మాత్రమే మీ అసోసియేషన్ చేతిలో ఉంది. గౌటెంగ్ ప్రావిన్స్ 1998లో చేసిన చట్టం కింద ఆ అనుమతి ఇస్తారు. రెండేళ్ళకు మించి ఇవ్వరు, గడువు అయ్యాక మళ్ళీ అడగాలి. షరతుల సారాంశం ఇది: గార్డ్ చూడొచ్చు, గమనించొచ్చు. ఎవరినీ ఆపకూడదు, ఆలస్యం చేయకూడదు, పేరు రాయమనకూడదు, గుర్తింపు కార్డు అడగకూడదు, కారు డిక్కీ తెరిపించకూడదు. మిగతా వివరాలు సిటీ దగ్గర, జోహానెస్‌బర్గ్ రోడ్స్ ఏజెన్సీ దగ్గర దొరుకుతాయి. అవి మీరే చదువుకోండి.

ఇంకో సంగతి. కమిటీలో ఎవరో ఒకరు మౌంట్ ఎడ్జ్‌కోంబ్ తీర్పు ఎత్తుతారు. డర్బన్ దగ్గరున్న ఆ ఎస్టేట్ కేసులో 2017లో హైకోర్టు ఒకలా చెప్పింది, 2019లో బ్లూమ్‌ఫాంటెయిన్‌లోని సుప్రీం కోర్ట్ ఆఫ్ అపీల్ దాన్ని తిప్పేసి ఎస్టేట్ రూల్స్ చెల్లుతాయంది. ఆ రోడ్లు ప్రైవేటువి కాబట్టే అలా చెప్పింది. మీ వీధికి అది ఏ మాత్రం పనికిరాదు. పెద్దగా మాట్లాడేవాళ్ళు ఆ తీర్పు పేరు చెప్పి మీ నోరు మూయించకుండా చూసుకోండి.

చట్టం సంగతి అంతే. నేను అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది.

నేను మా వీధి కమిటీలో చేరినప్పుడు ఈ ఊరు నాకు మీకు తెలిసినంత కూడా తెలియదు. పక్కింట్లో దొంగలు పడ్డారు, వీధంతా టెన్షన్‌లో ఉంది. నాకు కంప్యూటర్ వచ్చు, ఇంగ్లీషులో శుభ్రంగా రాస్తాను, అందుకని సెక్రటరీని చేశారు. మీరూ సాఫ్ట్‌వేర్ మనిషే కదా, యాక్సెస్ కంట్రోల్ అనగానే మన బుర్ర ఎలా పనిచేస్తుందో మీకు తెలుసు. ఎవరు లోపలివాళ్ళు, ఎవరు బయటివాళ్ళు, ఎవరికి ఎంతవరకు అనుమతి అని వరుసగా గళ్ళు గీసేశాను. నడిచి వచ్చేవాళ్ళు రిజిస్టర్‌లో పేరు, ఫోన్ నంబరు, వెళ్ళే ఇంటి నంబరు రాయాలి. లెవీ కట్టిన ఇళ్ళకే రిమోట్. చిన్న గేటు పొద్దున ఆరింటికి తెరిచి సాయంత్రం ఆరింటికి మూసేయాలి. మీటింగ్‌లో ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదు. చప్పట్లు కొట్టారు కూడా.

అది జూన్ నెల. ఇక్కడ జూన్ అంటే నడి చలికాలం, తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుని ఉంటుంది. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు మెయిన్ రోడ్డు మీద మినీబస్ టాక్సీ దిగి, ఇంకా చీకటిగా ఉండగానే చిన్న గేటు దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆరు దాకా తాళం తీయరు. తీశాక ఒక్కొక్కరే రిజిస్టర్‌లో రాయాలి. దారంతో కట్టిన ఒకే ఒక్క పెన్ను, గార్డ్ చేతిలో టార్చ్, ఆడవాళ్ళేమో నడుముకి దుప్పట్లు చుట్టుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని లైన్లో నిలబడేవాళ్ళు. ఒకరోజు నేను తొందరగా ఆఫీసుకి వెళ్తూ ఆ లైన్ పక్కన కారాపాను. మా ఎదురింట్లో పనిచేసే పెద్దావిడ నా దగ్గరికి వచ్చి మర్యాదగానే అడిగింది. "మీ వయసులో ఉన్నప్పుడు ఇలాంటి వీధుల్లోకి రావాలంటే పాస్ బుక్ చూపించేదాన్ని. అది పోయిందనుకున్నాను. మళ్ళీ మొదలుపెట్టారా?"

ఈ దేశంలో పాస్ చట్టాలు 1986లో రద్దయ్యాయి. అంతకుముందు నల్లవాళ్ళు ఊళ్ళో ఎక్కడికి వెళ్ళినా ఆ పుస్తకం జేబులో ఉండాల్సిందే, లేకపోతే జైలుకి పంపేవాళ్ళు. ఏ జాతివాళ్ళు ఏ పేటలో ఉండాలో చెప్పిన గ్రూప్ ఏరియాస్ చట్టం 1991 దాకా ఉంది. మన భారతీయుల్ని కూడా ఆ చట్టం కిందే లెనేషియాకి, లాడియమ్‌కి తోసేశారు. మనం తర్వాత వచ్చాం కాబట్టి మనకి అదంతా చరిత్రలా కనిపిస్తుంది. గేటు దగ్గర పేరు రాయమంటే ఆ పెద్దావిడకి మాత్రం అది చరిత్ర కాదు. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే కొత్తగా వచ్చిన మనవాళ్ళు దీన్ని అస్సలు పట్టించుకోరు.

అప్పటికీ నేను రూల్ మార్చలేదు. ఆరు నెలలు పోతే అలవాటు పడతారులే అనుకున్నాను.

డిసెంబరులో మా అమ్మ ఇండియా నుంచి వచ్చింది. ఇక్కడ అప్పుడు ఎండాకాలం, సాయంత్రం ఏడు దాకా వెలుతురు ఉంటుంది. అమ్మకి రోజూ నడవడం అలవాటు. చిన్న గేటు దాటితే పార్కు. మధ్యాహ్నం ఎండ తగ్గాక అక్కడికి వెళ్ళి, బెంచీ మీద కూర్చునే ఒక గుజరాతీ ఆవిడతో వచ్చీరాని హిందీలో మాట్లాడి వచ్చేది. ఒకరోజు కబుర్లలో పడి ఆరు దాటింది. గేటుకి తాళం. బూమ్ గేటుకి రావాలంటే మెయిన్ రోడ్డు వెంబడి చుట్టూ తిరిగి రావాలి. వచ్చింది. అక్కడ కొత్త గార్డ్ ఉన్నాడు, నేను రాసిన రూల్ ప్రకారం పేరు, ఇంటి నంబరు అడిగాడు. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఇంటి నంబరు ఎప్పుడూ గుర్తుపెట్టుకోలేదు. మా ఆవిడ ఫోన్ ఎత్తలేదు. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా అమ్మ ఆ బూమ్ పక్కనే నిలబడి ఉంది. గార్డ్ తప్పేమీ లేదు, తన కుర్చీ కూడా ఇచ్చాడట, ఆవిడే కూర్చోలేదు.

ఆ తర్వాత అమ్మ పార్కుకి వెళ్ళలేదు. నేను తీసుకెళ్తానన్నా "ఎందుకులే నాన్నా, ఇంట్లోనే బావుంది" అంది. మిగతా రోజులన్నీ కిటికీ దగ్గర కూర్చుని వీధి చూస్తూ గడిపేసింది.

తమ్ముడూ, ఇక్కడ మనల్ని తినేసేది ఒంటరితనం. దొంగల భయం ఇంటికి అలారం పెట్టించుకుంటే, గ్రిల్ వేయించుకుంటే కొంత తగ్గుతుంది. మాట్లాడే మనిషి లేకపోవడానికి అలాంటి పరికరం లేదు. గేటు రూల్ బిగించిన కొద్దీ మన ఇంటికి వచ్చే మనుషులు తగ్గుతారు, ఇది నేను కళ్ళారా చూశాను. ఆదివారం ఊరికే ఇటువైపు వచ్చాం అని తలుపు తట్టే తెలుగువాళ్ళు ఒకసారి గేటు దగ్గర ఆగి, వివరాలు రాసి, ఫోన్ చేసి వచ్చారా, రెండోసారి "మీరే మా ఇంటికి రండి" అంటారు. మూడోసారి ఫోన్ కూడా చేయరు. ఈ దేశపు మానవ హక్కుల కమిషన్ 2004లో ఈ గేట్ల మీద విచారణలు జరిపి, 2005లో వీటిని సమర్థించలేమని నివేదిక ఇచ్చింది. వీధుల్ని, మనుషుల్ని ఇవి విడగొడుతున్నాయన్నది అందులో ఒక ముఖ్యమైన ఆందోళన. మా చెల్లెమ్మ (మీ ఆవిడని చెల్లెమ్మ అనుకునే రాస్తున్నాను) ఇంట్లో ఒక్కతే ఉంటుంది కాబట్టి గట్టి రూల్స్ కావాలంటున్నారు. ఆమె ఒక్కతే ఉంటుంది కాబట్టే అవి వద్దంటున్నాను. ఆమెకి మొదట పరిచయమయ్యేది వీధిలో నడిచే మనుషులే. వాళ్ళని రానివ్వకపోతే ఆమెకి మిగిలేది ఫోన్‌లో మీ అత్తగారి గొంతు మాత్రమే.

అమ్మ వెళ్ళిపోయాక మా రూల్స్ నేనే మళ్ళీ రాశాను. చాలా వాదన జరిగింది, ఇద్దరు కమిటీ నుంచి వెళ్ళిపోయారు. అయినా నెగ్గించాను. అప్పటి నుంచి మా వీధి అనుమతి ఎప్పుడూ ఇబ్బంది లేకుండానే రెన్యూ అవుతోంది, పక్క వీధులవాళ్ళు మా కాగితం అడిగి తీసుకెళ్తారు. అందులో ఉన్నదే మీకు చెప్తున్నాను.

బూమ్ దగ్గర అందరికీ ఒకటే పద్ధతి. కారు రాగానే బూమ్ లేవాలి, అది ఇంటివాళ్ళ కారైనా, కొరియర్ వ్యానైనా. కారు నంబరు చూసుకోవడానికి కెమెరా చాలు. మనుషుల ఫోన్ నంబర్లు, లైసెన్సులు పోగేస్తే 2021 జులై నుంచి పూర్తిగా అమల్లో ఉన్న వ్యక్తిగత సమాచార చట్టం, అదే పోపియా, మీ మెడకి చుట్టుకుంటుంది. చిన్న గేటుకి రాత్రి కూడా తాళం వేయకండి. దీపం పెట్టండి, గార్డ్‌ని అటు ఒక రౌండ్ తిరగమనండి.

లెవీ విషయంలో మీరు అంతగా కంగారు పడక్కర్లేదు. మీది స్వచ్ఛంద అసోసియేషన్, కట్టమని బలవంతం చేయలేరు, కట్టనివాళ్ళ దారి ఆపలేరు. సాయుధ సెక్యూరిటీ కంపెనీతో ఏ ఇంటికా ఇల్లు విడిగా ఒప్పందం రాసుకుంటుంది కాబట్టి డబ్బు కట్టినవాళ్ళకి దక్కేది అక్కడ ఎలాగూ దక్కుతుంది. మేం నెలనెలా లెక్కలు, ప్రతి ర్యాండ్ ఎక్కడికి పోయిందో, అందరికీ పంపడం మొదలుపెట్టాం. అడగకుండానే కట్టేవాళ్ళు పెరిగారు.

చెత్త ఎత్తే రోజు గురించి కూడా గొడవ వస్తుంది. సిటీ చెత్త సంస్థ పికిటప్ లారీ రాకముందే రీక్లెయిమర్లు పెద్ద సంచీ కట్టిన ట్రాలీలు లాక్కుంటూ వచ్చి, డబ్బాల్లోంచి ప్లాస్టిక్, అట్టలు ఏరుకుంటారు. వాళ్ళని గేటు దగ్గరే ఆపేద్దామని తప్పకుండా ఒకరంటారు. అది పబ్లిక్ రోడ్డు, వాళ్ళ బతుకుతెరువు, ఒప్పుకోకండి. మా వీధిలో అట్టలు వేరే కవర్లో కట్టి బయట పెడతాం, వాళ్ళు తీసుకుని వెళ్ళిపోతారు.

కరెంటు సంగతి రాయడం మరచిపోకండి. 2023లో లోడ్ షెడ్డింగ్ రోజుకి చాలా గంటలు ఉండేది. గేటు మోటార్ల బ్యాటరీలు చచ్చిపోయి, తాళాల వెనక అంబులెన్స్ ఇరుక్కుపోతుందేమోనని భయపడేవాళ్ళం. కరెంటు పోతే బూమ్ పైకి లేపి ఉంచాలని ఒక్క వాక్యం రాసి పెట్టండి. అంబులెన్స్ 10177, పోలీస్ 10111, మొబైల్ నుంచి 112. గార్డ్ గదిలో గోడ మీద అంటించండి.

ఇక గార్డ్. ప్రైవేటు సెక్యూరిటీని నియంత్రించే సంస్థ ప్సిరాలో రిజిస్టర్ అయిన మనిషేనా అని కంపెనీని అడగండి. ఆయనకి మరుగుదొడ్డి, నీళ్ళు, చలికాలంలో హీటర్ ఉన్నాయో లేదో మీరే వెళ్ళి చూడండి. పన్నెండు గంటల షిఫ్ట్‌లో ఆయన కూడా ఒంటరివాడే. పేరు కనుక్కోండి, జులూ ఆయనైతే "సావుబోనా" అని పలకరించండి. మా వీధిలో కొత్తగా వచ్చిన ప్రతి తెలుగు కుటుంబాన్నీ మొదటి రోజే గార్డ్ దగ్గరికి నేనే తీసుకెళ్ళి పరిచయం చేస్తాను.

మీటింగ్‌కి ముందు ఒకరోజు పొద్దున్నే, టాక్సీలు దిగే వేళకి, చెల్లెమ్మని వెంటబెట్టుకుని మీ గేట్లన్నిటి దగ్గరికీ నడిచి వెళ్ళండి. కారులో వద్దు. ఎవరెవరు ఎక్కడ ఆగుతున్నారో, ఎంతసేపు నిలబడుతున్నారో ఆమెనే రాసుకోమనండి. డ్రాఫ్ట్ ఆ కాగితం నుంచి మొదలుపెట్టండి. మీటింగ్‌కి కూడా ఆమెని తీసుకెళ్ళండి, మీ పక్కన కాకుండా వీధి ఆడవాళ్ళ మధ్య కూర్చోమనండి. రాయడం పూర్తయ్యాక నాకు పంపండి, చూసి పెడతాను.