కేంద్రకాల ఆకారం మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో ఉన్నాను. పరమాణు కేంద్రకాల ఆకారం, వాటి భ్రమణ పట్టీల మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. కోడింగ్ అంతంతమాత్రం. ఉద్యోగాలు ఉండవేమోనని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

జవాబు: ఇంట్లోవాళ్ల సంగతి తర్వాత. ముందు ఒక సాయంత్రం కూర్చుని చిన్న లెక్క చేయండి.

యురేనియం-238 కేంద్రకం గుండ్రంగా ఉండదు, రగ్బీ బంతిలా సాగి ఉంటుంది. అది తిరిగితే స్పిన్ (అంటే కోణీయ ద్రవ్యవేగం) 2, 4, 6, 8 అంటూ శక్తి స్థాయిల వరస వస్తుంది, భ్రమణ పట్టీ అంటే అదే. స్పిన్‌ను దానికి ఒకటి కలిపిన సంఖ్యతో గుణించండి, శక్తి ఆ లబ్ధాన్ని బట్టి పెరగాలి. స్పిన్ 2 స్థాయి 44.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరుంది. ఆ లెక్కన స్పిన్ 4కి 149.7 రావాలి, ప్రయోగంలో 148.4 వచ్చింది. పర్లేదు. స్పిన్ 8కి దాదాపు 539 రావాలి, వచ్చింది 518. వేగం పెరిగేకొద్దీ లోపలి న్యూక్లియాన్ (ప్రోటాన్, న్యూట్రాన్) జంటల పట్టు సడలుతుంది, జడత్వ భ్రామకం పెరుగుతుంది. తేడాకు ముఖ్య కారణం అదే. 539కీ 518కీ మధ్య ఉన్న ఆ 21 తేడా లెక్క తేలేదాకా మీకు నిద్ర పట్టకపోతే ఈ రంగంలోకి రండి. ‘దగ్గరగానే వచ్చిందిగా’ అనిపిస్తే ఇంకోటి చూసుకోవడం మంచిది.

కేంద్రకాన్ని ఇలా సాగి తిరిగే బంతిలా చూసే నమూనాలకు పునాది వేసిన ఓగె బోర్, మోటెల్సన్, రెయిన్‌వాటర్‌లకు 1975లో నోబెల్ వచ్చింది. మీ రోజువారీ పనిలో మాత్రం అంత వైభవం ఉండదు. ఎవరో ఎప్పుడో రాసిన ఫోర్‌ట్రాన్ కోడ్‌ను విప్పి చదవడం, పెద్ద మాత్రికల ఐగెన్ విలువలు కట్టడం, గామా కిరణాల డేటాతో పోల్చడం, ఎక్కడ తప్పిందో వెతకడం. కాబట్టి కోడింగ్ తప్పదు. సాగిన కేంద్రకంలో ఒక్కో న్యూక్లియాన్ శక్తి స్థాయిలను లెక్కగట్టే 1955 నాటి నిల్సన్ నమూనాను పైథాన్‌లో మీ అంతట మీరే రాయండి. కోణీయ ద్రవ్యవేగం పాఠాలు గట్టిగా ఉంటే అది అయ్యే పనే.

ఇక ఉద్యోగం. ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, పోస్ట్‌డాక్‌లకు (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలకు) ఊళ్లు మారాల్సి రావచ్చు. ఇది దాచకుండా ఇంట్లో చెప్పండి. సంఖ్యా గణనం, డేటా విశ్లేషణ చేతికొస్తే సాఫ్ట్‌వేర్, డేటా సైన్స్ వైపు దారి ఉంటుంది. మెడికల్ ఫిజిక్స్‌కైతే విడిగా శిక్షణ కావాలి.

గైడ్‌ను ఎంచుకునే ముందు వాళ్ల పాత విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారో కనుక్కోండి. ఇద్దరితో మాట్లాడండి, అందులో ఒకరు ఈ రంగం వదిలేసినవారైతే ఇంకా మంచిది.