బిల్లు కట్టేశాం, జీతాలు కూడా మేమే ఇవ్వాలా?

ప్రశ్న: ఒంగోలు శివారులోని ఒక ప్రైవేటు విద్యాసంస్థలో పరిపాలనాధికారిని. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, తోటపని, హాస్టళ్ల నిర్వహణ అంతా ఒకే ఏజెన్సీకి అప్పగించాం. వారి మనుషులు 64 మంది. మేము నెలనెలా బిల్లు చెల్లిస్తున్నా, ఏజెన్సీ రెండు నెలలుగా జీతాలు ఇవ్వలేదు. అంతకుముందు నుంచే కోసుకున్న పీఎఫ్ కూడా జమ కాలేదట. 'కార్మికులకు సంబంధించిన సమస్త బాధ్యత ఏజెన్సీదే' అని ఒప్పందంలో ఉంది. అయినా వారు మా గేటు ముందే కూర్చున్నారు. మేము రెండోసారి చెల్లించాలా? వచ్చే వారం సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించాలి. ఏటా ఏజెన్సీ కుర్రాళ్లే దిగుతారు, ఈ గొడవతో ఆ పనీ ఆగేలా ఉంది.

జవాబు: చెల్లించక తప్పదు. ఆ క్లాజు మీకూ ఏజెన్సీకీ మధ్య మాట. దానిపై సంతకం చేయని కార్మికుడి హక్కును అది తీసేయలేదు. కాంట్రాక్టరు జీతాలు ఎగ్గొడితే ప్రధాన యజమాని, అంటే పని చేయించుకునే మీలాంటి సంస్థ, చెల్లించి ఆ సొమ్మును కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 21వ సెక్షన్ చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ 55వ సెక్షన్‌దీ అదే మాట. మీ క్లాజు పనికిరానిదేమీ కాదు, రేపు ఏజెన్సీపై వసూలు దావా వేసినప్పుడు అక్కరకొస్తుంది.

అలాగని ఆ డబ్బు మళ్లీ ఏజెన్సీ చేతిలో పెట్టకండి. మీ గేటు రిజిస్టరుతో హాజరు సరిచూసి, కార్మికుల బ్యాంకు ఖాతాల్లోనే వేయండి. అంతకుముందే ఏజెన్సీకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. చెల్లించిన మొత్తాన్ని రాబోయే బిల్లులోనో డిపాజిట్‌లోనో మినహాయించుకోవచ్చు.

పీఎఫ్, ఈఎస్ఐలకు కూడా చివరికి మీరే జవాబుదారు. పీఎఫ్‌లో కార్మికుడి వాటా 12 శాతం, యజమాని వాటా 12 శాతం. ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ, దానికి తోడు జరిమానా. ఇకమీదట గత నెల చలానాలు, పేరుపేరునా జమ చూపే జాబితా, బ్యాంకు ద్వారా జీతాలు వేసిన వివరాలు చేతికి రాకుండా బిల్లు పాస్ చేయకండి. చాలా సంస్థలు చలానా ఒక్కటి చూసి సంతకం పెట్టేస్తాయి. ఏజెన్సీకి మరో రెండు చోట్ల కాంట్రాక్టులుంటే ఆ చలానా ఎవరి పేరిట కట్టిందో మీకెలా తెలుస్తుంది? అన్నట్టు, గార్డులను పంపే ఏజెన్సీకి 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు ఉండాలి, అదీ అడిగి చూడండి.

మీరు చివర్లో రెండు ముక్కల్లో తేల్చేసిన సంగతి నన్ను జీతాలకన్నా ఎక్కువ కలవరపెట్టింది. తగిన రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం, పాకీ పనిని నిషేధించిన 2013 నాటి చట్టం 7వ సెక్షన్ ప్రకారం నేరం. నేరుగా దింపినా, ఇంకొకరి ద్వారా దింపినా ఒకటే. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బెయిలు హక్కుగా దొరికే నేరం కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం రక్షణ కాదు. ట్యాంకులోని హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు మించితే దాని వాసన కూడా తెలియదు. ఒకరు పడిపోతే కాపాడబోయిన రెండోవాడూ పోవడం ఇలాంటి ప్రమాదాల్లో తరచూ చూస్తున్నదే. మురుగు పనిలో మరణిస్తే కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 20న ఆదేశించింది. మీ క్లాజు చూపిస్తే పోలీసులు కేసు కట్టకుండా వెళ్లిపోరు.

యంత్రంతో తోడే వాహనం కోసం నగరపాలక సంస్థను అడగండి, ప్రైవేటు వాహనాలూ దొరుకుతాయి. 'మనిషి దిగరాదు' అని వర్క్ ఆర్డర్‌లో రాయించండి. ట్యాంకు పని రద్దు చేస్తున్నట్టు ఏజెన్సీకి ఈ రోజే రాతపూర్వకంగా తెలపండి. జీతాల నోటీసు రేపు పంపినా ఫరవాలేదు.