బాంబర్ నడిపిన బ్యాట్స్‌మన్

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నడిపిన ఇంగ్లండ్ టెస్టు క్రికెటర్ ఎవరైనా ఉన్నారా? – ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: ఉన్నాడండీ, నాకెంతో ఇష్టమైన బిల్ ఎడ్రిచ్. 1939లో డర్బన్‌లో, రోజుల పరిమితే లేని టెస్టులో 219 కొట్టాడు. ఇంకో 42 పరుగులు చేస్తే ఇంగ్లండ్‌దే గెలుపు. ఈలోగా జట్టు ఇంటికి తిరిగెళ్లాల్సిన ఓడకి టైమైపోయి మ్యాచ్ వదిలేశారు! ఆ ఏడాదే యుద్ధం మొదలైంది. 1941 ఆగస్టులో బ్లెన్‌హైమ్ బాంబర్‌లో పట్టపగలు, చెట్లను రాసుకుంటూ పోతున్నారా అన్నంత కిందుగా ఎగిరి, జర్మనీలో కొలోన్ దగ్గరి విద్యుత్ కేంద్రాలపై దాడికి వెళ్లాడు. వైమానిక సాహసానికి ఇచ్చే డీఎఫ్‌సీ (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్) పతకం వచ్చింది. పొద్దున కలిసి టిఫిన్ చేసినవాళ్లలో కొందరు సాయంత్రానికి తిరిగిరాని రోజులవి. అవన్నీ చూసొచ్చిన మనిషి 1947లో ఒక్క సీజన్‌లోనే 3,539 పరుగులు చేశాడు. అదే సీజన్‌లో ఇంగ్లండ్ జట్టులోని సహచరుడు డెనిస్ కాంప్టన్ 3,816 చేయడంతో ఇతని పేరు వెనక్కిపోయింది. నాకది ఇప్పటికీ బాధే.