ట్రాక్టరు లాగకపోతే ముందు పంపు మీద చెయ్యి వేయకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఫోనులో నువ్వు చెప్పినదంతా జాగ్రత్తగా విన్నాను. సార్వా దమ్ములు మొదలయ్యే వేళ బండి మొరాయిస్తే ఎంత కంగారుగా ఉంటుందో నాకు తెలుసు. పొద్దున గంటసేపు బాగానే లాగుతోంది, ఆ తరువాత మెల్లమెల్లగా బలం తగ్గి, రోజూ దమ్ము చేసే గేరులోనే ఇంజిన్ మూలుగుతోంది అన్నావు. మెకానిక్కు వచ్చి చూసి ఇంజిన్‌కు డీజిల్ కొలిచి పంపే పంపు (ఇంజెక్షన్ పంపు) విప్పాలన్నాడని, రేపే పట్నం పంపిద్దామని అనుకుంటున్నావని చెప్పావు. పంపించకు. ఇందులో రాసినవి వరుసగా చూసేదాకా ఆగు. డీజిల్ ఇంజిన్ బలం తగ్గడానికి ఉన్న కారణాల్లో పంపు చెడిపోవడం చివరన వచ్చేది. ఖర్చులో మాత్రం ముందు వరుసలో ఉంటుంది.

మొదట ఒక సంగతి తేల్చుకో. తగ్గింది ఇంజిన్ బలమా, చక్రాలకు చేరే బలమా? బరువు పడినప్పుడు ఇంజిన్ మోత అలాగే ఉండి బండి మాత్రం ముందుకు కదలకపోతే అది క్లచ్ జారడం. బరువు పడగానే ఇంజిన్ మోతే దిగిపోతే తప్పు ఇంజిన్‌లో ఉన్నట్టు. అనుమానం ఉంటే, ముందు మనుషులెవరూ లేని ఖాళీ స్థలంలో బండిని పెద్ద గేరులో పెట్టి, రెండు బ్రేకులూ గట్టిగా తొక్కి, క్లచ్ మెల్లగా వదిలి చూడు. ఇంజిన్ ఆగిపోతే క్లచ్ బాగున్నట్టే. ఆగకుండా తిరుగుతూ ఉంటే ప్లేటు అరిగినట్టు. ఒక్కసారి చూస్తే చాలు, పదేపదే చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలిపోతుంది. అలాగే కాసేపు రోడ్డు మీద నడిపి దిగాక వెనుక ఇరుసుకు రెండు వైపులా బ్రేకు ఉండే చోట చెయ్యి దగ్గరగా పెట్టి చూడు. ఒకవైపు మరీ వేడిగా ఉంటే బ్రేకు పట్టేసి ఉంది, ఇంజిన్ బలమంతా దానికే పోతోంది.

ఇంజిన్‌దే తప్పని తేలాక పొగ చూడు. పొగ గురించి నేను అడిగితే ‘ఏమీ రావడం లేదు మామయ్యా, ఎప్పటిలాగే ఉంది’ అన్నావు. ఆ మాట వినగానే నాకు ధైర్యం వచ్చింది. కారణం చెబుతాను. డీజిల్ ఇంజిన్ గాలిని ఎప్పుడూ నిండుగానే పీల్చుకుంటుంది. బలం హెచ్చుతగ్గులు లోపల పడే డీజిల్‌ను బట్టే ఉంటాయి. బరువు పడగానే, ఇంజిన్ వేగం పడిపోకుండా చూసే గవర్నర్ ఎక్కువ డీజిల్ వదులుతుంది. ఆ డీజిల్ మండడానికి గాలి చాలకపోతే నల్ల పొగ వస్తుంది. అసలు డీజిలే చాలినంత రాకపోతే పొగ రావడానికి ఏముంది? బలం లేదు, పొగా లేదు అంటే ఇంజిన్ ఆకలితో ఉందని అర్థం. కాబట్టి ట్యాంకు మూత దగ్గర మొదలుపెట్టి పంపు దాకా డీజిల్ వచ్చే దారంతా వెతకాలి.

మూత అని ఊరికే అనలేదు. ట్యాంకు మూతకు గాలి వెళ్లే చిన్న రంధ్రం ఉంటుంది. డీజిల్ ఖర్చయ్యే కొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే ధార ఆగి ఆగి వచ్చినట్టు, ఆ రంధ్రం బురదతోనో దుమ్ముతోనో మూసుకుపోతే డీజిల్ కిందికి దిగదు. మొదట్లో బాగానే లాగుతుంది, గంటకో రెండు గంటలకో బలం తగ్గుతుంది, ఆపి ఒక బీడీ కాల్చుకునేంత సేపు ఉంటే మళ్లీ బాగుపడుతుంది. నువ్వు చెప్పిన లక్షణాలు దీనికి చాలా దగ్గరగా ఉన్నాయి. బలం తగ్గిన క్షణంలోనే దిగి మూత తిప్పు. ‘ఫస్’ మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చిందంటే దొంగ దొరికినట్టే. మూత వదులుగా ఉంచి, దుమ్ము పడకుండా పైన గుడ్డ కప్పి రెండు చాళ్లు వెళ్లి చూడు.

అక్కడ చప్పుడేమీ రాకపోతే ట్యాంకు అడుగు చూడాలి. మీరు డీజిల్ డబ్బాల్లో తెచ్చి ఇంట్లో నిల్వ ఉంచుతారు, అందుకే ఇది గట్టిగా చెబుతున్నాను. డబ్బా అడుగున చేరిన నీరు, తుప్పు, చెత్త అన్నీ ట్యాంకులోకే పోతాయి. రాత్రంతా బండి కదలకుండా ఉంచి, తెల్లవారి ఇంజిన్ వేయకముందే అడుగునున్న డ్రెయిన్ బోల్టు కొద్దిగా వదులు చేసి ఒక గాజు సీసా నిండా పట్టు. సీసాను గట్టు మీద పెట్టి కాసేపు ఆగితే పైన లేత రంగు డీజిల్, అడుగున నీరు వేరుగా నిలబడతాయి. రెండూ కలిసే చోట గోధుమ రంగు జిగట పొర కనిపిస్తే ట్యాంకులో పాచి పట్టిందని గుర్తు. ఆ పాచి ముక్కలే డీజిల్ బయటికి వచ్చే నోటికి అడ్డుపడతాయి. ఇంజిన్ ఆపగానే అవి మళ్లీ తేలిపోతాయి కనుక కాసేపటికి బండి దానంతటదే బాగుపడినట్టు కనిపిస్తుంది. ఇది కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కడగవలసిందే. ఇకమీదట సాయంత్రం పని ముగిశాక ట్యాంకు నింపి పెట్టు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లదనానికి చెమ్మ పట్టి నీటి చుక్కలు చేరుతాయి.

తరువాత ఫిల్టర్లు. ఇప్పుడున్నవి ఎప్పుడు మార్చావో అడిగితే ‘కిందటి దాళ్వా ముందు అనుకుంటాను’ అన్నావు. అనుకుంటాను అనే మాట ఇక్కడ పనికిరాదు. గంటల మీటరు అంకె ఫెండరు లోపలివైపు పెయింటుతో రాసి పెట్టు, కంపెనీ పుస్తకంలో ఎన్ని గంటలకు మార్చమన్నారో అన్ని గంటలకు మార్చు. కాగితపు ఫిల్టరును పెట్రోలుతో కడిగి మళ్లీ వేసేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే కాగితంలో కంటికి కనబడని చిల్లులు పడి, ఆగవలసిన మట్టి నేరుగా పంపులోకి, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లలోకి పోతుంది. ఫిల్టరు ధర ఎంత, నాజిల్ ధర ఎంత, నువ్వే లెక్క వేసుకో.

ఫిల్టరు మార్చాక ఎయిర్ తీయడం, అంటే డీజిల్ దారిలో చేరిన గాలిని బయటికి పంపడం, తెలుసు కదా. మొదటి ఫిల్టరు తల మీద స్క్రూ కాస్త వదులు చేసి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న ఫీడ్ పంపుకున్న చేతి పంపు కొడుతూ ఉండు. ముందు నురగ వస్తుంది, తరువాత బుడగ లేని ధార వస్తుంది. ధార వస్తుండగానే స్క్రూ బిగించాలి. అదే వరుసలో రెండో ఫిల్టరు, ఆ తరువాత పంపు. ఎయిర్ తీసిన మర్నాడే మళ్లీ పట్టిందంటే ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఎక్కడో గాలి పీలుస్తోందన్నమాట. ఈ చోట చాలామంది పొరబడతారు. పీల్చే వైపు పైపుకు పగులుంటే డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. అందుకే పైపు పొడిగా ఉంది కదా అని వదిలేయకు. ఆ భాగంలో జానెడు పారదర్శకమైన గొట్టం వేసి, ఇంజిన్ నడుస్తుండగా చూడు. బుడగలు వరుసగా పోతుంటే అక్కడి నుంచి ట్యాంకు వైపు ఒక్కో జాయింటూ చూసుకుంటూ వెళ్లు. ఎక్కువగా వాషర్ల దగ్గరే దొరుకుతుంది. పాత వాషర్లను పానాతో మరింత బిగించి సరిపెట్టకు, కొత్తవి వేయించు.

ఇంకొకటి, దీనికి పైసా ఖర్చు లేదు. చేతి యాక్సిలరేటరు చివరిదాకా లాగి, పంపు మీదున్న లివరు తన స్టాపు స్క్రూను తాకుతోందో లేదో చూడు. కడ్డీ వంగినా, జాయింటు అరిగినా నువ్వు పూర్తిగా ఇచ్చావనుకుంటావు, పంపుకు అందేది ముప్పావు వంతే.

గాలి సంగతి నీ బండికి ఇప్పుడు అంతగా వర్తించదు, అయినా నేర్చుకో. బరువు పడినప్పుడు నల్ల పొగ వస్తే ముందు ఎయిర్ క్లీనరు చూడాలి. దాళ్వా కోతల తరువాత గడ్డి తోలకాలు, పొడి నేలలో రోటావేటరు పని ఉన్నప్పుడు పైనున్న జల్లెడకు ఊక, దుమ్ము అట్ట కట్టేస్తాయి. ఆయిల్ బాత్, అంటే దుమ్మును ఆయిల్‌లో పట్టే క్లీనరు ఉన్న బండికి కప్పులో ఆయిల్ గీత వరకే ఉండాలి. గీత దాటి పోస్తే గాలికి అడ్డం, ఆయిల్ ఇంజిన్‌లోకి కూడా పోతుంది. సైలెన్సర్‌లో కూడా అడ్డం ఉండవచ్చు. వానకు తడవకుండా కుక్కిన గుడ్డ తీయడం మరిచిపోయిన బండ్లు, కందిరీగలు గూడు కట్టిన బండ్లు నేను చూశాను. గాలి, సైలెన్సర్ రెండూ బాగుండి నల్ల పొగ ఆగకపోతే నాజిళ్లు కారుతున్నాయేమో పరీక్ష చేయించాలి.

నీలం పొగ, దానితో పాటు ఇంజిన్ ఆయిల్ తరగడం అంటే పిస్టన్ రింగులు, సిలిండరు లోపలి లైనర్లు అరిగాయి. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపలి నుంచి బుస్సుబుస్సున ఆవిరి కొడుతుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ వస్తూ, రేడియేటరులో నీళ్లు తరుగుతుంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. ఇవి మాత్రం షెడ్డు పనులు, ఆలస్యం చేయకూడదు.

ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండరు పని చేయడం లేదో కనుక్కునే పద్ధతి ఉంది. అది తెలిసిన మెకానిక్కు చేత చేయించు, నువ్వు దూరంగా నిలబడు. పాత తరహా నాజిళ్లే చదరపు సెంటీమీటరుకు 200 కిలోల చుట్టుపక్కల ఒత్తిడి మీద డీజిల్ చిమ్ముతాయి. ఆ ధార చేతికి తగిలితే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిగుచ్చినంతే కనిపిస్తుంది, వేలు తీసేయవలసి రావచ్చు. అలాంటిది జరిగితే నొప్పి లేదని ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. మీ పక్కింటి వాళ్లు 50 హెచ్‌పీ దాటిన కొత్త బండి కొన్నారన్నావు. 2023 జనవరి నుంచి ఆ తరగతికి కొత్త ఉద్గార నిబంధనలు వచ్చాయి, అలాంటి బండ్లలో ఎక్కువగా కామన్ రైల్ పద్ధతి, అంటే అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే పద్ధతి ఉంటుంది. అందులో ఒత్తిడి ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ. వాటి నట్ల జోలికి ఎవరూ పోకూడదని వాళ్లకు కూడా చెప్పు.

ఇవన్నీ చూశాక కూడా లాగకపోతే అప్పుడు పంపు. విప్పే ముందు పంపు అంచు మీద, ఇంజిన్ బాడీ మీద కలిసేలా ఒక గీత గీయించు. తిరిగి బిగించినప్పుడు ఆ గీతలు తప్పితే టైమింగ్, అంటే డీజిల్ చిమ్మే వేళ మారి, కొత్త జబ్బు మొదలవుతుంది. పంపును బెంచి మీద పరీక్షించి, ఒక్కో సిలిండరుకు ఎంత డీజిల్ పోస్తోందో కాగితం మీద రాసి ఇమ్మను. పంపుకు కంపెనీ వేసిన సీలు తెంపి ‘డీజిల్ కాస్త పెంచితే చాలు’ అనేవాడికి మాత్రం బండి అప్పగించకు. ఎక్కువ డీజిల్ పోస్తే నాలుగు రోజులు బలం వచ్చినట్టే ఉంటుంది. తరువాత ఇంజిన్ వేడెక్కి, మండని డీజిల్ లైనర్ల మీది ఆయిల్‌ను కడిగేసి, పిస్టన్లకు ముప్పు తెస్తుంది. ఆ నష్టం ముందు ఇప్పటి ఇబ్బంది ఎంత?

పని లేని రోజుల్లో వీలు చూసుకుని అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వం నడిపే వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థకు వెళ్లి రా. ట్రాక్టరు నడపడం, నిర్వహణ అక్కడ నేర్పుతారు. సొంత బండి ఉన్న కుర్రవాడికి ఆ చదువు చాలా అవసరం.

రేపు పొద్దున సీసా పట్టి, తరువాత చేలోకి దిగి, బలం తగ్గగానే మూత తిప్పి చూసి నాకు ఫోను చెయ్యి. ఎంతసేపటికి తగ్గింది, ఆపాక ఎంతసేపటికి కోలుకుంది, సీసా అడుగున ఏముంది, ఈ మూడూ చెబితే మిగతాది ఇక్కడి నుంచే చూసుకుందాం. ఒకేసారి అన్నీ మార్చేయకు, ఒకటి మార్చి నడిపి చూశాకే రెండోదానికి వెళ్లు, లేకపోతే ఏది బాగుచేసిందో తెలియదు. మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య