సీజే-3బీ జీపుకు 235 టైర్లు రాసుకోవడం: రిమ్ము సంగతి

పాత మహీంద్రా సీజే-3బీకి 235/75 ఆర్15 టైర్లు వేశాక, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే కమాన్ కట్టకు (లీఫ్ స్ప్రింగుకు) రాసుకుంటున్నాయన్నారు కదండీ. అక్కడ ముందు అనుమానించాల్సింది రిమ్మునే. ఐదు బోల్టులు, 139.7 మి.మీ. పీసీడీ (బోల్టుల మధ్యల గుండా పోయే వలయం వ్యాసం) కలిస్తే సరిపోదు. రిమ్ము హబ్బుకు ఆనుకునే ముఖం రిమ్ము నడిమి గీత నుంచి ఎంత పక్కకు ఉందో అదే ఆఫ్‌సెట్. ఆ ముఖం బయటివైపు ఉంటే పాజిటివ్, అది ఎక్కువైతే చక్రం లోపలికి జరుగుతుంది. సున్నాకు దగ్గరి ఆఫ్‌సెట్‌తో 15×6 లేదా 15×7 (అంగుళాల్లో వ్యాసం, వెడల్పు) స్టీలు రిమ్ము వెతకండి.

అప్పటికీ తగిలితే నకిల్ (స్టీరింగుతో పాటు తిరిగే, చక్రాన్ని మోసే భాగం) మీద చక్రం ఎంతవరకు తిరగాలో ఆపే స్టాపర్ బోల్టును కాస్త బయటికి పొడుచుకొచ్చేలా తిప్పి లాక్‌నట్టు బిగించండి. బండి తిరగడానికి కొంచెం ఎక్కువ చోటు పడుతుంది, అంతే. హబ్బుకీ రిమ్ముకీ మధ్య పెట్టే చవక స్పేసర్లు మాత్రం వద్దండి, బేరింగుల మీద భారం పెరుగుతుంది.

జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట (వదులు) కనిపిస్తే ముందు వీల్ బేరింగులు, కింగ్‌పిన్ (నకిల్ తిరిగే ఇరుసు) బేరింగులు సరిచేయించండి, లేకపోతే బరువు టైర్లకు స్టీరింగ్ వణుకుతుంది. ఎడమవైపు నట్లు కొన్ని పాత హబ్బుల్లో ఎదురు మరలవి, అంటే మామూలుకు వ్యతిరేకంగా తిప్పితేనే ఊడతాయి. చూడకుండా పానా వేస్తే స్టడ్డు తెగుతుంది.

బురద దారులే ఎక్కువైతే నా ఓటు పాత 6.00-16 సైజు సన్న టైర్లకే. సన్న టైరు గట్టినేల దాకా దిగి పట్టుకుంటుంది.